పొద్దు చిన్నదైన నెలలో పిల్లల నిద్ర



ఈ నెల 21న గానీ 22న గానీ ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు వస్తుంది. సంవత్సరాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. వేములపల్లిలో ఆ రోజు పొద్దు పొడిచేసరికి ఆరున్నర దాటుతుంది. సాయంత్రం ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉండగానే పొద్దు గూకుతుంది. మొత్తం పగలు 11 గంటల మీద ఆరేడు నిమిషాలు. జూన్ మూడో వారంలో మన పగలు 13 గంటలు దాటి ఉంటుంది. అంటే ఎండాకాలపు పగటికీ చలికాలపు పగటికీ రెండు గంటల తేడా.

ఈ తేడా మన పొలాలకు తెలుసు, కొట్టంలో గొడ్లకు తెలుసు, ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లకు మరీ బాగా తెలుసు. తెలియనిదల్లా సెల్‌ఫోన్‌లో అలారానికి. జూన్‌లో నాలుగున్నరకు మోగింది డిసెంబరులోనూ నాలుగున్నరకే మోగుతుంది. మార్చి పరీక్షలు దగ్గర పడుతున్నాయన్న కంగారు కూడా ఈ నెలలోనే మొదలవుతుంది కాబట్టి, ఏడాదిలో ఎక్కువ నిద్ర అడిగే కాలంలోనే మన పిల్లలు అందరికంటే తక్కువ నిద్రపోతున్నారు. మొదటి పీరియడ్‌లో బోర్డు వైపు చూస్తున్నట్టే ఉంటారు, కళ్లు మాత్రం మూసుకుపోతుంటాయి. ఆ పీరియడ్ పాఠం చెప్పే టీచర్లందరికీ ఇది రోజూ కనిపించే దృశ్యమే. అందుకే ఈసారి ఒక సైన్సు పాఠంతో మొదలుపెట్టి నిద్ర దగ్గరికి వద్దామనుకున్నాం. పాఠాన్ని పిల్లలతో కూర్చుని చదవండి. నిద్ర సంగతి మాత్రం పెద్దలకు.

చలి దూరం వల్ల కాదు

చలికాలంలో సూర్యుడు మనకు దూరంగా వెళ్లిపోతాడని చాలామంది పిల్లలు రాస్తారు. కొంతమంది పెద్దలూ అలాగే అనుకుంటారు. నిజానికి జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. మనం ఎండలకు అల్లాడి వానల కోసం చూసే జులై మొదటి వారంలో ఆ దూరం 15.2 కోట్ల కిలోమీటర్లు. దూరమే కారణమైతే మనం సంక్రాంతికి చెమటలు కక్కాలి.

అసలు కారణం వంపు. భూమి తన ఇరుసు మీద 23.4 డిగ్రీలు ఒరిగి తిరుగుతోంది. డిసెంబరులో ఉత్తరార్ధగోళం సూర్యుడికి అవతలి వైపు వాలి ఉంటుంది. అందుకే సూర్యుడు మనకు దక్షిణంగా, కిందుగా కనిపిస్తాడు. కిరణాలు ఏటవాలుగా పడతాయి, పగలు కురచ అవుతుంది. డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు మకర రేఖ మీద నడినెత్తిన ఉంటాడు. అంతకంటే దక్షిణానికి పోడు. అక్కడ ఆగినట్టే ఆగి ఉత్తరానికి మళ్లుతాడు. ఆ మళ్లే రోజునే పుస్తకాల్లో శీతాకాల అయనాంతం అంటారు.

మన వేములపల్లి సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క అంకె చాలు, ఇంటి దాబా మీదే సూర్యుడి ప్రయాణం మొత్తం కొలవవచ్చు. మీటరు పొడవున్న నిటారైన కర్రనో పైపునో చదునైన చోట నిలబెట్టండి. బకెట్‌లో ఇసుక పోసి అందులో గుచ్చితే కదలదు. నేల నుంచి కొస దాకా సరిగ్గా మీటరు ఉండాలి. నిట్టనిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూడండి, తాపీమేస్త్రీ గోడకు గుండు వేసి చూసినట్టు. 11 గంటల 50 నిమిషాల నుంచి పన్నెండున్నర దాకా అయిదు నిమిషాలకొకసారి నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టమనండి. అన్నిటికంటే కురచ నీడ సరిగ్గా పన్నెండుకు పడదు, 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో పడుతుంది. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కతో. మనం దానికి మూడు డిగ్రీలు పడమరగా ఉన్నాం కాబట్టి మన మధ్యాహ్నం కాస్త ఆలస్యం. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని మాత్రం ముందే చెప్పండి. ఇందులో చూడాల్సింది నీడనే.

డిసెంబరు 21న ఆ నీడ పొడవు సుమారు 85 సెంటీమీటర్లు వస్తుంది. వారం ముందు కొలిచినా, వారం తర్వాత కొలిచినా తేడా సెంటీమీటరు కూడా ఉండదు. సూర్యుడు ఆగినట్టుంటాడని పైన అన్నది ఇందుకే. సంక్రాంతి నాటికి 79కి తగ్గుతుంది. ఫిబ్రవరి 14 నాటికి 58కి దిగుతుంది. అక్కడి నుంచి తగ్గుదల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మార్చి 20, 21 ప్రాంతంలో రాత్రీ పగలూ సమానమైనప్పుడు 30 సెంటీమీటర్లు. మే 8 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 5 ప్రాంతంలో అసలు నీడే ఉండదు, కర్ర పాదంలో కలిసిపోతుంది. ఈ అంకెలు మీరు ముందుగా పిల్లలకు చెప్పకండి. వాళ్లు కొలిచి తెచ్చాక పోల్చి చూడండి. రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తే కర్ర ఎక్కడ ఒరిగిందో వాళ్లే వెతుక్కుంటారు.

కొలిచే ఓపిక లేని చిన్నపిల్లలకు ఇంకో పని ఉంది. దాబా మీద ఒకే చోట నిలబడి, పొద్దు ఏ చెట్టు వెనక నుంచి, ఏ కరెంటు స్తంభం పక్క నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకోమనండి. డిసెంబరులో అది సరిగ్గా తూర్పున ఉండదు. తూర్పు నుంచి దక్షిణానికి చెయ్యి చాపి పట్టుకున్న పిడికిళ్లు రెండున్నర లెక్కపెడితే అక్కడ ఉంటుంది. ఉగాది నాటికి ఇంచుమించు తూర్పుకు వచ్చేస్తుంది.

అయనం డిసెంబరులో, పండుగ జనవరిలో

ఇక్కడ తెలివైన పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. సూర్యుడు డిసెంబరు 22కే ఉత్తరానికి మళ్లితే ఉత్తరాయణ పుణ్యకాలం అని సంక్రాంతికి ఎందుకు అంటాం? మంచి ప్రశ్న. దాటవేయకండి.

సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టే రోజు. రాశులను మన పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది. అయనాలు భూమి వంపును బట్టి వస్తాయి. సుమారు 1,700 ఏళ్ల కిందట ఈ రెండూ ఒకే రోజున పడేవి. అయితే భూమి ఇరుసు తిరిగే బొంగరంలా మెల్లగా తల తిప్పుతూ ఉంటుంది. ఆ తల ఒక చుట్టు తిరగడానికి దాదాపు 26 వేల సంవత్సరాలు పడుతుంది, అంటే 72 ఏళ్లకు ఒక డిగ్రీ. అందువల్ల నక్షత్రాల లెక్క, రుతువుల లెక్క ఏటా కొద్దికొద్దిగా విడిపోతూ వచ్చి ఇప్పటికి 24 రోజుల దూరం ఏర్పడింది. స్వామి వివేకానంద పుట్టింది మకర సంక్రాంతి నాడే. ఆ తేదీ 1863 జనవరి 12. ఇప్పుడు సంక్రాంతి 14న గానీ 15న గానీ వస్తోంది. నూట అరవై ఏళ్లలో జరుగుబాటు ఎంతో ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు అర్థమవుతుంది.

కేంద్ర ప్రభుత్వం ఈ తేడాను సరిచేయడానికే 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసింది. దాని సిఫార్సుతో 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. అందులో పుష్య మాసం మొదటి రోజు డిసెంబరు 22. అంటే ప్రభుత్వ గెజిట్ ప్రకారం ఉత్తరాయణం ఆ రోజే మొదలవుతుంది. పండుగను మాత్రం ఎవరూ జరపలేదు. జరపాల్సిన పనీ లేదు, పంట ఇంటికొచ్చి ఊరు ఊపిరి పీల్చుకునేది జనవరిలోనే కదా.

ప్రపంచంలో చాలాచోట్ల ఈ పొడవైన రాత్రినే నేరుగా పండుగ చేసుకుంటారు. ఇరాన్‌లో యల్దా రాత్రి కుటుంబమంతా దానిమ్మ గింజలు, పుచ్చకాయ ముక్కలు తింటూ కవిత్వం చదువుకుంటారు. చైనాలో దోంగ్‌జీ నాడు ఇంటిల్లిపాదీ కలిసి వేడివేడి పిండి ఉండలో, కుడుముల్లాంటివో తింటారు. ఎక్కడైనా పని ఒకటే: ముందుగా ఇల్లు చేరడం, వెచ్చగా కూర్చోవడం, పెద్దవాళ్ల మాటలు వినడం.

నెల పట్టిన రోజులు

మనకు అలాంటి ఒక్క రాత్రి లేదు, నెల మొత్తం ఉంది. డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూ రాశిలోకి రాగానే నెల పట్టిందంటాం, నెలగంట పెట్టారంటాం. అక్కడి నుంచి భోగి దాకా పెళ్లి మాట ఎత్తరు, గృహప్రవేశాలు ఉండవు. శూన్యమాసం అన్న పేరు విని అదేదో చెడ్డ నెల అనుకునేవారున్నారు. శాస్త్రం చెప్పే కారణాలు పూజారి గారిని అడగండి. నాకు మాత్రం అది పెద్దలు తెలివిగా ఖాళీ పెట్టిన నెలలా కనిపిస్తుంది. కల్లాల్లో ధాన్యం, ఒళ్లు నొప్పుల మనుషులు, వణికించే రాత్రుళ్లు. అలాంటప్పుడు పెళ్లి పెట్టుకుంటే ఎవరు పరుగెత్తగలరు?

ధనుర్మాసం అంటే తెల్లవారకముందే లేవడం కదా, తిరుమలలో కూడా సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే నెల కదా అని మీరు అడగవచ్చు. నిజమే. గుడికి వెళ్లేవాళ్లు, వాకిట్లో ముగ్గు పెట్టేవాళ్లు చీకటితోనే లేచేవారు. అయితే పొద్దు గూకిన గంటన్నరకే తిని పడుకునేవారు. తొమ్మిదింటికి ఊరంతా నిశ్శబ్దం. తెల్లవారుజామున లేవడం ఒక్కటే ఆ కాలం నుంచి తెచ్చుకుని, త్వరగా పడుకోవడాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బాగా వంటపడుతుందని తాతలు చెబుతారు. ఆ మాటను ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. అంటే అది గడియారాన్ని బట్టి కాదు, సూర్యుణ్ని బట్టి నడుస్తుంది. జూన్ మొదట్లో మనకు 5 గంటల 38 నిమిషాలకు పొద్దు పొడుస్తుంది కాబట్టి అప్పుడది సుమారు నాలుగు గంటలకు మొదలవుతుంది. ఈ నెల 21న పొద్దు పొడిచేది 6 గంటల 37 నిమిషాలకు. బ్రాహ్మీ ముహూర్తం అయిదింటికి! సంక్రాంతి తర్వాతైతే అయిదూ పదికి దగ్గర పడుతుంది. తాతగారి శాస్త్రం ప్రకారమే పిల్లవాడు ఇంకో గంట పడుకోవచ్చన్నమాట.

సంక్రాంతి తర్వాత అన్నది పొరపాటు కాదు. పగలు డిసెంబరు 22 నుంచి పెరుగుతుంది గానీ ఆ పెరుగుదల మొదట సాయంత్రం వైపే కలుస్తుంది. తెల్లవారడం ఇంకా ఆలస్యమవుతూనే పోయి, జనవరి 20 ప్రాంతంలో 6 గంటల 45 నిమిషాలు దాటాక గానీ వెనక్కి మళ్లదు. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం, ఇరుసు వంపు, ఈ రెండూ కలిసి మధ్యాహ్నాన్ని జరుపుతుంటాయి. కాబట్టి బడి బస్సు కోసం నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కన మంచులో నిలబడే పిల్లలకు అసలైన చీకటి ఉదయాలు ఇంకా ముందున్నాయి. ఆ రోడ్డు మీద లారీల వేగం మీకు తెలుసు. జనవరి నెలాఖరు దాకా చిన్నపిల్లలను ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి. లేత రంగు స్వెట్టర్ వేసి పంపండి.

నారుమడికి కప్పిన పట్టా

మన పాఠశాలలో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలి, వెంటనే యాసంగి నారు పోసే రోజులివి. చలిలో నారు ఎలా పెంచాలో మీకు నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం మడిలో చల్లబడిన నీళ్లు తీసేస్తారు. యూరియా బస్తాలు కుట్టిన పట్టానో పాలిథిన్ షీటునో రాత్రికి కప్పుతారు. పొద్దున పట్టా తీసి కొత్త నీళ్లు పెడతారు. చలికి నారు ఎదగడం లేదని ఎవరూ గాబరాపడి మోతాదుకు మించి యూరియా చల్లరు. వానాకాలం నారు కంటే యాసంగి నారు నాలుగు రోజులు ఎక్కువ తీసుకుంటుందని తెలిసి ఓపిక పడతారు.

బత్తాయి తోటలున్న నల్లగొండ రైతులు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. ఈ నెలలో కావాలనే తోటకు నీళ్లు ఆపి చెట్లను బెట్టకు వదులుతారు. చెట్టు ఎదుగుదల ఆగుతుంది, కొంత ఆకు రాలుస్తుంది. చూసేవాళ్లకు తోట పాడుపెట్టినట్టే ఉంటుంది. కొన్ని వారాల తర్వాత ఎరువు వేసి నీళ్లు కడితే అప్పుడు విరగపూస్తుంది. ఆ విశ్రాంతి లేని చెట్టు ఆకులు వేస్తూనే ఉంటుంది, పూత సరిగ్గా పట్టదు. చెట్టు బెట్టలో ఉన్నంత కాలం లోపల ఏ పనీ జరగడం లేదని రైతు అనుకోడు.

పిల్లల నిద్ర విషయంలో మనం అలా అనుకుంటున్నాం. నిద్రపోతుంటే సమయం వృథా అవుతోందనుకుంటాం. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలా సాదా ప్రయోగం ఒకటి చేశారు. ఇద్దరు విద్యార్థులకు అర్థం లేని అక్షరాల జాబితాలు కంఠస్థం చేయించారు. కొన్నిసార్లు ఆ వెంటనే నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు మెలకువగా మామూలు పనులు చేసుకోనిచ్చారు. అన్నే గంటల తర్వాత అడిగితే నిద్రపోయి లేచినప్పుడు గుర్తున్నవి చాలా ఎక్కువ. ఆ తర్వాత వందేళ్లుగా జరిగిన పరిశోధన ఆ సంగతిని ఇంకా లోతుగా చూపించింది. పగలు చదివినదాన్ని మెదడు నిద్రలో మళ్లీ తిరగేసి, దాచుకునే చోట దాచుకుంటుంది. గాఢ నిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. నాలుగున్నరకు లేపితే పోయేది ఆ రెండో రకం నిద్రే.

పన్నెండు పదమూడేళ్లు దాటిన పిల్లల్లో ఇంకో మార్పు వస్తుంది. నిద్ర రప్పించే మెలటోనిన్ అనే హార్మోను వాళ్లలో రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి కూడా నిద్ర రావడం లేదంటే అన్నిసార్లూ ఫోన్ తప్పే కాదు, కొంత వయసు చేసే పని. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదని సూచించింది ఈ కారణంతోనే. మన దగ్గర అది ఇప్పట్లో అయ్యేది కాదు. బస్సు రూట్లు, రెండు మూడు ఊళ్లు తిరిగే పిల్లలు, అవన్నీ మాకూ తెలుసు.

ఎంత నిద్ర కావాలి? అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ 2016లో ఇచ్చిన సిఫార్సును చాలామంది వైద్యులు చెబుతారు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు. ఇప్పుడు మీ ఇంటి లెక్క వేయండి. పదో తరగతి అమ్మాయి రాత్రి పదిన్నరకు పుస్తకం మూసి నాలుగున్నరకు లేస్తే ఆరు గంటలు. కనీసానికి రెండు గంటలు తక్కువ. సోమవారం నుంచి శనివారం దాకా పన్నెండు గంటల బాకీ. ఆదివారం తొమ్మిది దాకా పడుకున్నా ఆ బాకీలో పావు వంతు కూడా తీరదు. పైగా ఆ రాత్రి నిద్ర పట్టడం ఆలస్యమై సోమవారం మరింత కష్టమవుతుంది.

ఫీజు కట్టింది నిద్రకా?

ఈ ప్రశ్న కొందరు నవ్వుతూ అడుగుతారు, కొందరు నవ్వకుండా అడుగుతారు. సమాధానం లెక్కతోనే చెబుతాను. నాలుగున్నర నుంచి ఆరు దాకా చలిలో, దుప్పటి కప్పుకుని, ఆవలిస్తూ చదివిన గంటన్నరలో నిజంగా బుర్రకెక్కేది ఎంత? ఒక వారం పాటు పరీక్షించండి. పిల్లవాణ్ని తొమ్మిదిన్నరకు పడుకోబెట్టి అయిదున్నరకు లేపండి. ముఖం కడిగి వేడి పాలు తాగాక అరగంట మాత్రం చదివించండి. సాయంత్రం ఆ పాఠం మీద మూడు ప్రశ్నలు అడగండి. పాత పద్ధతిలో చదివిన పాఠం మీదా మూడు అడగండి. తేడా మీరే చూస్తారు. నా మాట మీద నమ్మకం పెట్టుకోవాల్సిన పని లేదు.

స్టడీ అవర్లు మీరు పెట్టేవే కదా అంటారు. అవును, పదో తరగతికి పెడతాం, అవసరం కూడా. అందుకే ఉన్న సమయంలో రాత్రి వైపు ముందుకు జరపమని అడుగుతున్నాం. సాయంత్రం ఇంటికి రాగానే గంట సేపు ఆటో, కబుర్లో. పొద్దు గూకాక చదువు. ఎనిమిదింటికి భోజనం. తొమ్మిదింటికి ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లతో సహా అన్నీ ముందు గదిలో ఛార్జింగ్‌కు. ఆ సహా అన్నదే అసలు కష్టం. పక్క గదిలో నాన్న చూసే వీడియో చప్పుడుకు నిద్రపోయే పిల్లలు ఉండరు. ఉదయం లేవగానే పది పదిహేను నిమిషాలు నీరెండలో నిలబెట్టండి. ఒంట్లోని గడియారాన్ని ఉదయపు వెలుతురు సరిచేసినంత బాగా ఏ అలారమూ సరిచేయదు. ఆ గడియారం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

నిద్ర సరిచేసినా పగలు కూడా మగతగా ఉంటున్నా, రాత్రి గట్టిగా గురక పెడుతున్నా డాక్టరుకు చూపించండి. అది చలికాలపు బద్ధకం కాకపోవచ్చు.

ఇక సెలవులు. క్రిస్మస్ చేసుకునే ఇళ్లకు ఈ నెలలోనే, మిగతా ఇళ్లకు వచ్చే నెలలో. తేదీలు సర్క్యులర్‌లో వస్తాయి. సెలవుల వర్క్‌బుక్ కూడా వస్తుంది. దాన్ని రోజుకు అరగంట చొప్పున చేయిస్తే చాలు. చివరి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి నింపిన వర్క్‌బుక్ మాకు చూడగానే తెలిసిపోతుంది, చేతిరాత చెబుతుంది. ఆ నాలుగైదు రోజులకు ప్రత్యేకంగా ట్యూషన్ మాట్లాడకండి. అమ్మమ్మ ఊరికి పంపండి. పంపడం కుదరకపోతే సకినాలు చేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చేత్తో చుట్లు తిప్పడం ఏడో తరగతి పిల్లలకు మొదట రాదు. చుట్టు తెగిపోతుంది. నాలుగోదో అయిదోదో నిలబడుతుంది. అబ్బాయిలను కూడా కూర్చోబెట్టండి. పండుగంటే అందరికీ విశ్రాంతి, అమ్మకు మాత్రం పొయ్యి దగ్గర రెట్టింపు పని అన్న ఏర్పాటు ఈ ఏడన్నా కొంచెం మారాలి.

విశ్రాంతి అంటే రోజంతా ఫోన్ చేతిలో పెట్టడం కాదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. కళ్లు, మెదడు రెండూ అలసిపోయే పనికి విశ్రాంతి అని పేరు పెడితే అది విశ్రాంతి అయిపోదు. అలాగని ప్రతి గంటకూ ఒక కార్యక్రమం రాసి గోడకు అంటించకండి. ఏమీ తోచడం లేదని పిల్లలు రెండు రోజులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మూడో రోజు వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు, పాత సైకిల్ విప్పడమో, గాలిపటానికి తోక కట్టడమో.

నీడ కొలిచే పని మాత్రం సెలవుల్లో కూడా ఆగకూడదు. ఈ నెల 21న ఒకసారి, సంక్రాంతి నాడు ఒకసారి, ఫిబ్రవరి 14న ఒకసారి. తేదీ, సమయం, నీడ పొడవు, ఈ మూడూ ఒక నోటుపుస్తకంలో రాసి క్లాస్ టీచర్‌కు ఇవ్వమనండి. మబ్బు పడితే మర్నాడు కొలవవచ్చు. 21న ఆదివారం కాకపోతే బడి ఆవరణలోనే అందరం కలిసి కొలుస్తాం, కర్ర మేమే తెస్తాం. ఆ రాత్రి ఏడాదిలో అతి పొడవైనది. తొమ్మిదింటికే దీపాలు తీసేయండి, పొద్దున మళ్లీ బస్సు ఉంది.